నిల్ రాజయ్య

నాంపల్లి కోర్టుల దగ్గరికి వెళ్లి హెడ్ కానిస్టేబుల్ రాజయ్య ఎక్కడున్నాడని అడిగితే, ఏ రాజయ్య అంటారు. నిల్ రాజయ్య అని అడగండి. గేటు పక్కన చాయ్ పోసే మనిషి కూడా కెటిల్ దించకుండా గడ్డంతోనే దారి చూపిస్తాడు.

ఆ పేరు పెట్టింది ఒక సర్కారు వకీలు. పెట్టడంలో అన్యాయమేమీ లేదు, రాజయ్య పనే అలాంటిది. ఒకడు పదిమందిని ముంచుతాడు. కేసు నడుస్తుంది, శిక్ష పడుతుంది, మునిగినవాళ్లకు ఇంత సొమ్ము కట్టాలని జడ్జి తీర్పులో రాస్తారు. తీర్పు విన్నవాళ్లు ఆ రోజు ఇంటికి మిఠాయి కొనుక్కుపోతారు. ముంచినవాడు మాత్రం కట్టడు. కట్టడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు. అప్పుడు వాడి ఆస్తి జప్తు చేసుకురమ్మని కోర్టు వారంటు ఇస్తుంది. అది ఠాణా మీదుగా తిరిగి తిరిగి రాజయ్య భుజానికి వేలాడే ఖాకీ సంచిలో పడుతుంది. రాజయ్య తన పాత స్కూటర్ మీద ఆ గల్లీకి పోయి, ఇల్లు వెతికి పట్టుకుని, నాలుగు గోడలూ చూసి, తిరిగొచ్చి కాగితం మీద ఇంగ్లీషులో మూడక్షరాలు రాస్తాడు. నిల్. ఏమీ దొరకలేదని.

పదకొండేళ్లుగా ఇదే రాత. ఒకసారి ఆసిఫ్‌నగర్‌లో ఒక దొంగ ఇంటిముందు మేక కనబడితే ప్రాణం లేచొచ్చింది. తాడు పట్టుకున్నాడో లేదో పక్కింటావిడ వచ్చి మేకనూ, రాజయ్య పరువునూ కలిపి లాక్కుపోయింది. ఇంకోసారి యాభై లక్షలు మింగినవాడు కూర్చోబెట్టి మర్యాదగా చాయ్ ఇచ్చాడు. తాగాక తెలిసింది, ఆ కప్పులు కూడా ఎదురింటివే. ఇంటికొచ్చి చెబితే భార్య లక్ష్మీనర్సమ్మ కడుపు పట్టుకుని నవ్వి, "నిన్ను జూసి దొంగలే జాలిపడుతున్నరు" అనేది. రాజయ్య కూడా నవ్వేవాడు. కానీ ఒక్కోరోజు స్నానానికి పోయి, తీర్పు రోజు మిఠాయి కొన్నవాళ్ల మొహాలు గుర్తొచ్చి, నీళ్ల చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. ఆ సంగతి మాత్రం లక్ష్మీనర్సమ్మకు కూడా చెప్పలేదు.

రూల్స్ ఆయనకు నోటికొచ్చు. వంట గిన్నెలు ముట్టకూడదు. కట్టుకునే బట్టలు, ఆడమనిషి మంగళసూత్రం ముట్టకూడదు. మనిషి ఏ పని చేసి బతుకుతాడో ఆ పనిముట్లు ముట్టకూడదు. కొత్తలో ఒక సీనియర్ ఈ లిస్టును ఎక్కాల్లాగా అప్పజెప్పించుకున్నాడు. పేదవాడి ఇంట్లో ఆ లిస్టు తీసేస్తే మిగిలేవి గోడలు. ఆ గోడలు కిరాయివి.

మొజంజాహీ మార్కెట్ బయట, ఐస్‌క్రీమ్ దుకాణాలు దాటాక, ఫుట్‌పాత్ మీద పండ్లమ్మే వీరమ్మ ఆయనకు ఇలాంటి వారంటు వల్లే పరిచయం. జనగామ అవతల పల్లె ఆమెది. మొగుడితో కూలికి పట్నం వచ్చింది. మొగుడు పోయాక బుట్ట పెట్టుకుంది. ఇరవై రెండేళ్లుగా అదే చోటు. ఎండాకాలం మామిడి, వానల్లో మక్కకంకులు, దసరా నుంచి సీతాఫలం, చలికి జామ. మోకాళ్లు అరిగిపోయాయి, పీట మీంచి లేవాలంటే పక్కనున్న కరెంటు స్తంభం పట్టుకోవాలి. మెడ పట్టేసి తల పైకెత్తడం కష్టమైంది. అందుకని గిరాకీని చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేది. "పాలిష్ లేని బూట్లొచ్చినయంటే నువ్వే సారు" అనేది రాజయ్యతో.

ఆమె కోరిక పెద్దదేం కాదు. రోడ్డవతల రేకు డబ్బా ఒకటి కిరాయికి ఉంది, యాభై వేలు అడ్వాన్సు. అది తీసుకుని, అందులో కుర్చీ వేసుకుని, నీడన కూర్చుని పండ్లమ్మాలి. అంతే. దానికోసమే నెలకు మూడు వేల చొప్పున ఇరవై నెలలు చిట్టీ కట్టింది. తిన్నా తినకపోయినా కట్టింది. ఆ చిట్టీ నడిపినవాడు శ్యామ్‌సుందర్.

శ్యామ్‌సుందర్‌ది అబిడ్స్ వెనక గల్లీలో పుస్తకాల బైండింగ్ దుకాణం. తండ్రి కాలం నుంచీ ఉన్నదే. వకీళ్ల లావుపాటి లా పుస్తకాలు, షావుకార్ల ఎర్రగుడ్డ అట్టల ఖాతా పుస్తకాలు అక్కడే కుట్టించుకునేవారు. అందరి లెక్కల పుస్తకాలు కుట్టేవాడు లెక్క తప్పడని పదకొండుమంది నమ్మారు, తలా అరవై వేలు కట్టారు. ఆయనకు ఫోన్‌లో బెట్టింగ్ పిచ్చి పట్టుకుంది. మొదట తన సొమ్ము పోయింది, తర్వాత చిట్టీ సొమ్ము, చివరికి భార్య మెడలో గొలుసు. ఒక పొద్దున దుకాణం తెరుచుకోలేదు. పదకొండుమందీ వచ్చి, కడుపుమంటతో తాళం పగలగొట్టి, కాగితం, గుడ్డ, కత్తెరలు, బల్ల, ఎవరికి దొరికింది వాళ్లు ఎత్తుకుపోయారు. శ్యామ్‌సుందర్ దొరికాడు. రెండేళ్లు జైల్లో ఉండి బయటికొచ్చాడు. ఆరు లక్షల అరవై వేలు కట్టాలన్న మాట మాత్రం తీర్పు కాగితం మీదే మిగిలింది.

రాజయ్య రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ నిల్.

రెండో నిల్ చదివిన రోజు జడ్జి మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంకొక్కసారి చూడండి. అప్పుడూ లేదంటే ఈ వారంటు మూసేస్తాను. లేనిదాని కోసం ఎన్నాళ్లు తిప్పుతాం వీళ్లను?" అన్నారు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. వీరమ్మ తలుపు పక్కన గోడను పట్టుకుని నిలబడి అంతా విన్నది. వరండాలో రాజయ్యను ఆపింది.

"మూసుడంటే ఏంది సారు?"

"అంటే, ఇగ అడగరు వీరమ్మా."

"నా పైసలు?"

రాజయ్య సంచి సర్దుకున్నాడు. ఆ సంచిలో సర్దడానికి ఏమీ లేదు.

మూడోసారి పోయింది దసరా దాటాక. ఆఘాపురాలో ఒక్క గది, రెండు గిన్నెలు, ఒక చాప. శ్యామ్‌సుందర్ లక్డీకాపూల్ దగ్గర ఒక హోటల్లో గిన్నెలు కడిగి అప్పుడే వచ్చాడు. సబ్బు నీళ్లకు వేళ్లు పగిలి ఉన్నాయి. అబిడ్స్ వైపు పోవాల్సి వస్తే తల దించుకుని చుట్టుదారిలో పోతాడట. రాజయ్య మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ అడిగాడు. పొలం? లేదు. బంగారం? లేదు. చివర్న ఉత్తినే అడిగాడు, రిపోర్టులో ఒక గీత నింపడానికి.

"బైండింగ్ సామానేమైంది?"

"అన్నీ ఎత్కపోయిన్రు సార్. శికంజా గూడ. నా తప్పే, నేనేమంట."

"శికంజా అంటే?"

శ్యామ్‌సుందర్ రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి చూపించాడు. రెండు మందమైన టేకు దూలాలు, మధ్యలో రెండు మరలు. కుట్టిన పుస్తకం పెట్టి బిగిస్తే బండలాగా కూర్చుంటుంది. "అది లేకుంటే బైండింగే లేదు సార్. మా నాయన చేయించిండు. ఇప్పుడు గట్లాంటిది చేసెటోడు లేడు. ఒక మూల పగిలితే నేనే ఇత్తడి పట్టీ కొట్టించిన." చెబుతున్నంతసేపూ ఆ పగిలిన చేతులు గాల్లో మర తిప్పుతూనే ఉన్నాయి.

రాజయ్య బయటికొచ్చి స్కూటర్ మీద కాగితం పెట్టి మూడక్షరాలూ రాయబోయాడు. ఎందుకో రాయబుద్ధి కాలేదు. రేపు రాద్దాంలే అనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం సీతాఫలాలకని మార్కెట్‌కు పోయాడు. అలవాటు ప్రకారం వీరమ్మ పీట అంచు మీద ఒక బూటు ఆనించి బేరమాడుతున్నాడు. వీరమ్మ చిల్లర కోసం స్తంభం పట్టుకుని లేచింది. ఆమె లేవగానే పీట మీద కప్పిన గోనెసంచి జారింది. మూలన పచ్చగా ఇత్తడి పట్టీ.

రాజయ్య బూటు తీసేశాడు. ఏడాదిన్నరగా ఆనించిన కాలు. ఊరంతా వెతుకుతూ కాగితాలు నింపాడు, ఆస్తి తన బూటు కిందే ఉంది. తనను తాను తిట్టుకోవాలనిపించింది, అంతలోనే నవ్వూ వచ్చింది.

"వీరమ్మా, గీ పీట ఎక్కడిది?"

ఆమె చిల్లర పట్టుకుని అలాగే ఆగింది. "పీట గాదు. నా అరవై వేలు. వాని దుకాణంల దొరికింది. పాత సామాన్లాయన మూడు వేలకు అడిగిండు, ఇయ్యలే."

"దాన్ని వానికి ఇచ్చేయాలె."

"ఎందుకిస్త?"

"తాళం పగలగొట్టి తెచ్చినవు. దానికి నీ మీద గూడ సెక్షన్ ఉన్నది, ఎర్కనా?" రాజయ్య గొంతు పెంచి పోలీసు మాట ఒకటి విసిరాడు.

వీరమ్మ రెండు మణికట్లూ ముందుకు చాపింది. "ఏస్తే ఏయి. జైల్ల కూసునేటందుకు కుర్చీ ఇస్తరా మరి?"

ఆ మాటకు రాజయ్య దగ్గర సెక్షన్ లేదు. నీరుగారిపోయి, యూనిఫాంతోనే, ఆమె బుట్ట పక్కన ఫుట్‌పాత్ మీద చతికిలబడ్డాడు. పోతున్న జనం వింతగా చూశారు. ఇన్నాళ్లలో ఆయన అక్కడ కూర్చోవడం అదే మొదలు. కింద నుంచి చూస్తే లోకం ఎట్లుంటుందో అప్పుడు తెలిసింది. కాళ్లు, చక్రాలు, దుమ్ము.

అక్కడ కూర్చున్నాకే ఆయనకు ఆ పాత లిస్టు కొత్తగా వినబడింది. పనిముట్లు ముట్టకూడదు. పదకొండేళ్లు ఆ మాటను తన దారికి అడ్డం అనుకున్నాడు, ముంచినవాడి మీద దయ అనుకున్నాడు. పనిముట్టు వాడి చేతిలో ఉంటేనే కదా మునిగినవాడి సొమ్ము పుట్టేది. రాసినవాడెవడో తెలివైనవాడే. తనకే ఇన్నాళ్లకు బుర్రకెక్కింది.

అదే వీరమ్మకు చెప్పాడు. "నీ కింద ఉన్నన్ని దినాలు గిది పీట. వాని చేతుల పడితే నెలకు ఇంత అని నీకొస్తది. అరవై వేలు ఒక్కపాలి రావు. కాని వస్తయ్."

వీరమ్మ ఒక సీతాఫలాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. పండు మెత్తబడింది. చివరికి అంది. "ఇస్త. కాని వాని ఇంటికి పోనియ్య. వాడు గీడ కూసోని, నా కండ్ల ముందల కుట్టాలె. వాని ఫోను పొద్దుగాల నా బుట్టల పెట్టాలె, పోయేటప్పుడు తీస్కపోవాలె."

మర్నాడు శ్యామ్‌సుందర్ వచ్చాడు. ఎవరి మొహమూ చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని గోనెసంచి తీసి, దూలాన్ని నిమిరి, మర పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. తుప్పు, సీతాఫలం రసం కలిసి గట్టిగా పట్టేశాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వీరమ్మ తన మోకాళ్లకు రాసుకునే నూనె సీసా ముందుకు తోసింది. సగం సీసా పట్టింది. మర కీచుమని ఒకసారి ఏడ్చి, తిరగడం మొదలుపెట్టింది. పీట పోయింది కాబట్టి వీరమ్మ ఆ రోజు నుంచి మడతపెట్టిన గోనెసంచి మీద, నేలమీదే కూర్చుంది. మోకాళ్లు ముందుకన్నా ఎక్కువ సలిపేవి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, కాకపోతే శ్యామ్‌సుందర్‌ను రోజుకు రెండుసార్లు ఎక్కువ తిట్టేది.

రాజయ్య కోర్టులో ఇచ్చిన రిపోర్టు ఈసారి మూడు అక్షరాలు కాదు, మూడు పేజీలు. జడ్జి మేడమ్ చదివి, "రాజయ్యా, ఇది రిపోర్టా, కథా?" అన్నారు. నిల్ అని పేరు పెట్టిన సర్కారు వకీలు అక్కడే ఉన్నాడు, దగ్గు వచ్చినట్టు నటించి నవ్వాడు. పదకొండుమందీ ఒప్పుకున్నట్టు సంతకాలు చేశారు, వీరమ్మ వేలిముద్ర వేసింది. ఎవరెవరు ఎత్తుకుపోయిన కత్తెరలు, సూదులు వాళ్లు తెచ్చిచ్చేశారు. నెలనెలా కోర్టులో కట్టాలి, ఒక్క నెల ఎగ్గొట్టినా మళ్లీ మొదటికొస్తుంది అన్నారు మేడమ్. వారంటు మూతపడలేదు.

పనికి కొదవ లేదు. చిట్టీలో మునిగిన పదకొండుమందిలో తాతారావు ఒకడు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతాడు. అట్టలూడిన డిక్షనరీలు, పేజీలు రాలిపోతున్న గ్రూప్-టూ గైడ్లు ఆటోలో వేసుకొచ్చి శ్యామ్‌సుందర్ ముందు కుప్ప పోశాడు. బైండు చేసిన గైడు రెట్టింపుకు పోయింది. రెండు వారాలకు నాంపల్లి నుంచి ఒక ముసలి వకీలు వెతుక్కుంటూ వచ్చి, శ్యామ్‌సుందర్‌ను ఎగాదిగా చూసి, "చేతులు అవేనా?" అని అడిగి, ఇరవై లా పుస్తకాలు ఇచ్చిపోయాడు.

మొదటి నెల కట్టింది ఆరు వేల రెండు వందలు. వారంటు కాగితం మీద 'వసూలైన మొత్తం' అనే గడి ఉంటుంది. పదకొండేళ్లుగా రాజయ్య అందులో అడ్డగీత తప్ప ఏమీ గీయలేదు. ఆ రోజు అంకె వేసి, తృప్తి చాలక అక్షరాల్లో కూడా రాసి, కింద గీత గీశాడు. సాయంత్రం పావుకిలో మిఠాయి కొనుక్కుని ఇంటికి పోయాడు. పండగేంది అని లక్ష్మీనర్సమ్మ అడిగితే, "దొరికింది" అన్నాడు. ఏం దొరికిందని ఆమె అడగలేదు. భర్త మొహం చూసి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

పేచీ పంపకం దగ్గర వచ్చింది. ఆరు వేల రెండు వందలు పదకొండుమందికి పంచితే తలా అయిదు వందల చిల్లర. వీరమ్మ మూతి తిప్పింది. "అయిదు నూర్లు ఎట్లొస్తయో అట్లనే పోతయ్. చిట్టీ తీయుండ్రి. ఒక్కో నెల ఒక్కల్లకు మొత్తం."

చిట్టీ అనగానే అందరూ ఉలిక్కిపడ్డారు. మునిగిందే చిట్టీలో. శ్యామ్‌సుందర్ తల ఇంకా కిందికి పోయింది. ముందుగా తాతారావు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. అలా మొదలైంది. నెల మొదటి తారీఖున వీరమ్మ ఖాళీ బుట్టలో పేర్ల చీటీలు వేసి ఒకటి తీస్తారు. పేరు వచ్చినవాళ్లు మళ్లీ అందరికీ వచ్చేదాకా ఆగాలి. చీటీలకు కాగితం శ్యామ్‌సుందర్‌దే, పుస్తకాల అంచులు కోస్తే రాలిన ముక్కలు. రాజయ్యను మాత్రం చెయ్యి పెట్టనివ్వలేదు. "నువ్వు తీస్తే నిల్ వస్తది సారు" అన్నారు.

జామకాయలు పోయి మామిడిపండ్లు వచ్చాయి. ఒక నెల శ్యామ్‌సుందర్ తొమ్మిది వేలు కట్టాడు, ఒక నెల జ్వరం వచ్చి నాలుగు వేలే కట్టాడు. ఆ నాలుగు వేల నెల వీరమ్మ ఎనిమిది రోజులు, రోజూ కాసేపు బుట్ట వదిలేసి ఆఘాపురా పోయి, నిజంగా జ్వరమేనా అని నుదురు ముట్టుకుని చూసి వచ్చింది. పోయేటప్పుడు కోపంతో పోయేది, చేతిలో మాత్రం నాలుగు పండ్లు ఉండేవి. తాతారావు లెక్క వేసి చెప్పాడు, ఈ లెక్కన మొత్తం తీరడానికి ఏడేళ్లు పైనే పడుతుందని. "ఏడేండ్లు నేను బతుకుత" అంది వీరమ్మ. ఎనిమిది నెలలు గడిచాయి, ఎనిమిది పేర్లు వచ్చాయి. ఆమె పేరు రాలేదు.

జూలై ఆఖరున రాజయ్య రిటైరయ్యాడు. శాలువా కప్పారు, సర్కారు వకీలు నాలుగు మంచి మాటలు చెప్పాడు, నిల్ అన్న మాట ఎత్తలేదు. మర్నాడు ఒకటో తారీఖు. సన్నగా వాన. రాజయ్య లుంగీ, రబ్బరు చెప్పులతో మార్కెట్‌కు పోయి బుట్ట ముందు నిలబడ్డాడు.

"ఎన్ని కంకులు గావాలె?" అంది వీరమ్మ, కొత్త గిరాకీతో మాట్లాడినట్టు.

"నేనే వీరమ్మా."

ఆమె కష్టం మీద మెడ తిప్పి చూసింది. "బూట్లేవి సారు?"

"ఇచ్చేసిన."

ఆమె చీటీల బుట్ట ఆయన ముందుకు జరిపింది. "ఇయ్యాల నువ్వు తియ్యి. నువ్విప్పుడు సర్కారు మనిషివి గాదు, నిల్ రాదు."

ఇంకా మూడు చీటీలే ఉన్నాయి. రాజయ్య చెయ్యి పెట్టాడు. విప్పి, వాన చినుకు పడకుండా అరచేయి అడ్డం పెట్టి చదివాడు. వీరమ్మ. ఎనిమిది వేల ఆరు వందలు. శ్యామ్‌సుందర్ మర తిప్పడం ఆపాడు. వీరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఆగినవెందుకు, పని జూస్కో" అని ఆయనను కసిరింది.

వారం తర్వాత రాజయ్య మళ్లీ అటు పోయాడు. బస్సు దిగి మూల తిరిగాడో లేదో, "సారూ" అని కేక వినబడింది. జనం మధ్య నుంచి, అంత దూరం నుంచి. చూస్తే ఫుట్‌పాత్ మీద నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, అందులో నిటారుగా వీరమ్మ, పక్కన ఎత్తు పెట్టె మీద కంకుల బుట్ట.

"డబ్బా తీస్కున్నంక కొంటవనుకున్న" అన్నాడు దగ్గరికొచ్చి.

"డబ్బా పైసలు బ్యాంకుల ఉన్నయ్. అది వచ్చినప్పుడు వస్తది. కుర్చీ ముందు రావద్దని ఎవలన్న అన్నరా?" ఆమె కుర్చీ చేతుల మీద రెండు చేతులూ పెట్టుకుని రోడ్డు వైపు చూసింది. "ఇరవై రెండేండ్లు కాళ్లనే జూసిన సారు. గీడ కూసుంటే మనుషుల మొకాలు కనవడుతున్నయ్. నువ్వు గాడ మూల తిరుగుతుంటనే గుర్తువట్టిన."

రాజయ్య రెండు కంకులిమ్మని వేళ్లు చూపించాడు.